కారు కడుగు విద్య

వార్షిక సంచికకు వ్యాసం పంపవలసిందని సంపాదక వర్గం కోరినప్పుడు, తెలుగు అధ్యాపకుల నుండి ఏ ప్రబంధ కవిని గూర్చిన విమర్శనో, ఏ శతకంలోని నీతిని గూర్చిన వివరణో వస్తుందని ఆశించడం సహజం. మేము ఈసారి ఆ మార్గం విడిచి, కారును చేతితో కడిగి, దాని రంగుపై గీత పడకుండా ఆరబెట్టే పనిని గూర్చి వ్రాయ సంకల్పించాము. "ఇదీ ఒక విషయమేనా?" అని పాఠకులలో కొందరు చిరునవ్వు నవ్వవచ్చు. నవ్విన తరువాతనైనా చదువుతారని మా ఆశ.

మేము నివసించే మునగాలకు ఇటువంటి సాహసం కొత్త కాదు. ఒకనాటి మునగాల సంస్థానానికి దివానుగా పనిచేసిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపనకు పూనుకొని, చరిత్రను, ప్రకృతి శాస్త్రాలను తెలుగు పాఠకుని ఇంటి గడప వరకు తెచ్చారు. మునగాల రాజా నాయని వేంకట రంగారావు గారు ఆ కృషికి అండగా నిలిచారు. శాస్త్ర విషయాలు పరభాషలోనే శోభిస్తాయనే భ్రమను తొలగించిన మహనీయులు మసలిన ఊరిలో కూర్చుండి, మన వాకిట జరిగే ఒక పనిలోని శాస్త్రాన్ని మన భాషలో చెప్పుకోవడం దోషం కాజాలదు.

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే జాతీయ రహదారి మునగాల మీదుగానే సాగుతుంది. చాలాకాలం 9వ నంబరుతో పిలువబడి, 2010లో జరిగిన మార్పు తరువాత 65వ నంబరు ధరించిన ఈ మార్గంపై సూర్యాపేట, కోదాడల మధ్య నిత్యం రాకపోకలు సాగించే వారిలో మేమూ ఉన్నాము. మా వద్ద ఉన్నది ముదురు నీలిరంగు చిన్న కారు. ఇద్దరు యజమానులను చూసి మా ఇంటికి వచ్చింది. దానిని ప్రతి ఆదివారం మేమే కడుగుతాము. ఇరుగు పొరుగు వారు చూసి, "సార్, మీకెందుకండీ ఈ పని? ఒక పిల్లవానికి చెబితే చేయడా?" అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నలో మాపై ఉన్న గౌరవం మాకు తెలుసు. అదే ప్రశ్నలో ఆ పిల్లవానిపై లేని గౌరవం కూడా మాకు తెలియక పోలేదు. ఈ వ్యాసానికి మూలం అదే.

ముందుగా ధూళిని గూర్చి చెప్పాలి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత మన ప్రాంతం వరికి పెట్టింది పేరయింది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి కెక్కింది. మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతాలలోని సున్నపురాయి ఆధారంగా సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. ఈ సంపదతో పాటు దాని ధూళి కూడా మనకు దక్కింది. మన కార్లపై పడే దుమ్ము కంటికి ఒక్కటిగానే కనిపించినా, అందులో కనీసం మూడు జాతులున్నవి. చలక నేలల నుండి లేచే ఎర్రని ఇసుక దుమ్ము మొదటిది. మిల్లుల పొగగొట్టాల నుండి వెలువడే ఊక బూడిద రెండవది. సిమెంటు లారీల నుండి రాలే బూడిదరంగు పొడి మూడవది.

పదార్థాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ మానంలో వజ్రానికి 10 అంకె ఇచ్చారు. మన చేతి గోటికి దాదాపు 2.5, కిటికీ అద్దానికి దాదాపు 5.5, ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్‌కు 7 అంకెలు లభిస్తాయి. అంటే అద్దాన్ని గీయగల పదార్థం మన దుమ్ములోనే ఉన్నదన్నమాట. ఊక బూడిదలో అత్యధిక భాగం సిలికాయే. కారు రంగు అద్దమంత గట్టిది కూడా కాదు. ఇక సిమెంటు పొడి గుణం వేరు. అది పొడిగా ఉన్నప్పుడు గరుకు; మంచు తడి తగిలి ఆరితే రంగును అంటిపట్టుకొని గట్టిపడుతుంది. కనుక సిమెంటు బాటలో ప్రయాణించిన కారును వారం దాకా ఉంచక, వీలైనంత త్వరగా పుష్కలమైన నీటితో కడిగివేయడం మంచిది.

ఇక రంగు సంగతి. 1920 దశకానికి ముందు కారుకు రంగు వేసి ఆరబెట్టడమంటే రోజులూ వారాలూ పట్టే పని. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ తయారుచేసిన డ్యూకో అనే త్వరగా ఆరే రంగును 1924 సంవత్సరపు ఓక్లాండ్ కార్లకు పూసిన తరువాత ఆ కష్టం తీరింది. ఆ పేరు మన దేశానికి వచ్చి, ఏ సంస్థ రంగైనా సరే షెడ్డులో చిమ్మి వేసే ప్రతి రంగుకూ "డ్యూకో" అనే మాట స్థిరపడింది. నేటి కార్లపై ఉండేది ఒక్క పూత కాదు. ఉక్కు రేకుపై తుప్పును అడ్డుకొనే పూత, దానిపై ప్రైమరు, దానిపై అసలు రంగు, అన్నిటిపైనా క్లియర్ కోటు అనే పారదర్శకమైన పొర ఉంటాయి. మనం మెరుపు అని మెచ్చుకొనేది ఆ పైపొరనే. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. వెంట్రుక కంటె పలుచనైన పొరపై మన ప్రతాపం చూపుతున్నామని గుర్తుంచుకోవలె. గీతలు పోవడానికి షాపులో పాలిష్ పట్టించినప్పుడు, నిజానికి ఆ గీతల చుట్టూ ఉన్న పొరను అరగదీస్తారు. ఆ పొర మళ్లీ పెరిగేది కాదు.

ఎండలో నిలిపిన ముదురురంగు కారును చూడండి. సూర్యబింబం ప్రతిఫలించే చోటు చుట్టూ సాలెగూడు వంటి సన్నని వలయాలు కనిపిస్తాయి. వాటిని చూసి కారును గుండ్రంగా తుడిచారని చాలామంది అనుకుంటారు. గీతలు నిజానికి అన్ని దిక్కులా ఉంటాయి. వెలుగు బిందువు చుట్టూ వలయంగా అమరిన గీతలు మాత్రమే కాంతిని మన కంటివైపు మళ్లిస్తాయి గనుక అవి మాత్రమే కనిపిస్తాయి. మనం పక్కకు జరిగితే ఆ వలయాలు కూడా మనతో జరుగుతాయి. భౌతిక శాస్త్ర విద్యార్థులు కళాశాల ఆవరణలోనే ఈ ప్రయోగం చేసి చూడవచ్చు.

ఈ గీతలను వేసింది ఎవరు? దుమ్ము అని చెబితే అది సగం సమాధానమే. పైన పడి ఉన్న దుమ్ము దానంతట అది రంగును గీయదు. దానిని గుడ్డ కింద పెట్టి, చేతితో అదిమి, ఈ చివరి నుండి ఆ చివరికి లాగినప్పుడు గీస్తుంది. ఉదయాన్నే పొడిగుడ్డతో కారును "దులిపే" అలవాటు మన ఊళ్లన్నింటా ఉన్నది. శుభ్రం చేస్తున్నామని మనం సంతోషిస్తుంటే, గుడ్డ గరుకు కాగితం పని చేస్తూ ఉంటుంది. దుమ్ముతో ఉన్న కారు కడిగితే కొత్తదవుతుంది గాని, రోజూ పొడిగుడ్డతో తుడిచిన కారు ఎన్నిసార్లు కడిగినా కొత్తది కాదు.

మా వీధిలో ఒక చాచా ఉన్నారు. అంబాసిడర్ కారు నడిపి ముగ్గురు బిడ్డలకు పెళ్లిళ్లు చేసిన మనిషి. ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినా, ఆయన మాటల్లో అవి ఇంకా పరుగెత్తుతూనే ఉంటాయి. ఆయన చదువుకున్నది తక్కువ. అయినా మేము పుస్తకాలలో వెదికి తెలుసుకున్న దానిని ఆయన ఒక్క వాక్యంలో చెప్పారు: "పహలే పానీ, ఫిర్ కప్డా, బేటా." ముందు నీళ్లు, తరువాత గుడ్డ. ఈ విద్యకు ఇంతకంటె చక్కని సూత్రం మాకు లభించలేదు. తక్కినదంతా దానికి వ్యాఖ్యానమే.

ఆ వ్యాఖ్యానాన్ని క్రమంగా మనవి చేస్తాము. కారును కడగడానికి నీడ, చల్లని వేళ కావలె. వేసవిలో మన ప్రాంతపు ఎండకు బానెటు మీద చేయి ఆనించలేము. అటువంటి రేకుపై నీరు నిలువదు; సబ్బు అక్కడికక్కడే ఆరి మరకలు కడుతుంది. తెల్లవారుజామున ఎండ ముదరక ముందే పని ముగించడం మేలు. వేపచెట్టు నీడ మనిషికి హాయి గాని, చెట్టు కింద కడిగిన కారుపై పూత, ఆకు, పిట్టల రెట్ట పడుతుంటాయి. గోడ నీడ దొరికితే అదే ఉత్తమం.

తరువాతి పని నీళ్లు పోయడం. పైకప్పు నుండి మొదలుపెట్టి కిందికి, చేయి తగలకుండా నీటితోనే వదులుగా ఉన్న ఇసుకనంతా దింపివేయవలె. గొట్టం లేకపోతే చెంబుతో పోసినా చాలు. తొందరపడి ఈ అంచెను దాటవేస్తే తక్కిన అంచెలన్నీ వ్యర్థమవుతాయి. పిట్ట రెట్టను గోటితో గీకరాదు. తడిగుడ్డను దానిపై కొన్ని నిమిషాలు పరచి ఉంచితే మెత్తబడి తేలికగా వస్తుంది. రెట్టను ఎండలో రోజుల తరబడి వదిలివేస్తే పై పొరపై మచ్చ మిగులుతుంది.

సబ్బు విషయంలో మన గృహిణులకు తెలిసిన రసాయన శాస్త్రం చాలు. బట్టల పొడి క్షారగుణం కలది; జిడ్డును వదలగొట్టడమే దాని ధర్మం. కారుపై కాపుదల కోసం పూసిన మైనం కూడా దానికి జిడ్డే కాబట్టి దానిని కూడా వదలగొడుతుంది. కారు కోసమే తయారైన షాంపూ మెత్తనిది. నురగ ఇవ్వడంతో పాటు గుడ్డకూ రంగుకూ మధ్య జారుడు కలిగిస్తుంది. ఆ జారుడే మనకు కావలసినది. రహదారి పక్కన కొందరు మెరుపు కోసం టైర్లకు డీజిలు పూస్తారు. ఆ మెరుపు ఒక పూట. రబ్బరుకు కలిగే హాని శాశ్వతం.

అన్నిటికంటె ముఖ్యమైనది రెండు బకెట్ల పద్ధతి. ఒక బకెట్టులో షాంపూ నీళ్లు, మరొక దానిలో ఉత్త నీళ్లు ఉంచుకోవలె. పొడవైన మెత్తని పోగులున్న చేతితొడుగును గాని, మైక్రోఫైబర్ గుడ్డను గాని సబ్బు నీటిలో ముంచి, ఒక పలకను కడిగి, వెంటనే ఉత్త నీటిలో బాగా జాడించి, పిండి, తిరిగి సబ్బు నీటిలో ముంచవలె. తీసిన ఇసుకను తిరిగి కారుపైకి మోయకుండా ఉండడమే ఇందులోని రహస్యం. ఒకే బకెట్టుతో కడిగితే చివరి తలుపు దగ్గరికి వచ్చేసరికి మన చేతిలో ఉన్నది సబ్బు నీరు కాదు, బురద నీరు. స్పాంజి ముఖం చదునుగా ఉంటుంది గనుక రేణువు దానికీ రంగుకూ మధ్య చిక్కుకుంటుంది. పోగుల గుడ్డలోనైతే రేణువు లోపలికి ఒదిగిపోతుంది. ఆ తేడాను మరువరాదు.

కడిగే వరుస పైకప్పు, అద్దాలు, బానెటు, డిక్కీ, తలుపుల పైభాగం, చివరగా తలుపుల అడుగుభాగం. ఇసుక ఎక్కువగా ఉండేది అడుగుననే. చక్రాలకు వేరే గుడ్డ, వేరే బకెట్టు. బ్రేకుల నుండి రాలిన ఇనుప రేణువులు అక్కడ ఉంటాయి. చక్రాన్ని తుడిచిన గుడ్డ తలుపును తాకకూడదు. చేతిని నిలువుగానో అడ్డంగానో తిన్నగా నడపవలె, అదమకూడదు. గుడ్డ నేలపై పడితే దానిని ఆనాటికి పక్కన పెట్టవలసిందే. దులిపి వాడుకుందామనే పొదుపు ఇక్కడ పనికిరాదు.

కడగడం కంటె ఆరబెట్టడంలోనే ఎక్కువ గీతలు పడతాయని చాచా అంటారు. మా అనుభవం కూడా అదే. సబ్బును పూర్తిగా పోగొట్టి, చివరిసారి గొట్టపు నోటిని సన్నగా వదిలి నీటిని ఒకే ధారగా పారనిస్తే, ఆ ధార చుక్కలను తనతో లాక్కొనిపోతుంది. మిగిలిన తడికోసం మెత్తని పెద్ద తువ్వాలును పరచి, మెల్లగా అద్ది, తన బరువుతోనే జారేటట్లు లాగవలె. పూర్వపు డ్రైవర్లు షామీ తోలు వాడేవారు. ఒకప్పుడు కొండమేక చర్మంతో చేసిన ఆ తోలును తరువాత గొర్రె చర్మాన్ని చేప నూనెతో పదును చేసి తయారుచేశారు. అది నీటిని బాగా పీలుస్తుంది గాని, దాని ముఖం చదునైనది గనుక కారు ఏ మాత్రం మురికిగా ఉన్నా ప్రమాదమే. పాత బనియను గుడ్డ మెత్తగానే తోస్తుంది; దాని అంచు కుట్టు మాత్రం మెత్తనిది కాదు.

తడి ఆరే వరకు ఊరకుంటే ఏమవుతుందని విద్యార్థులు అడగవచ్చు. మన బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీరు ఆవిరైపోయినా అవి పోవు. ప్రతి చుక్కా తన స్థానంలో ఒక తెల్లని వలయాన్ని విడిచిపోతుంది. కాగుల అడుగున పేరుకొనే తెల్లని పెచ్చు కూడా ఇదే జాతిది. కాలువ నీటిలో లవణాలు తక్కువైనా ఒండ్రు ఉంటుంది. ఆ నీటిని రాత్రి పట్టి ఉంచి, ఉదయం పైతేటను మాత్రమే వాడుకోవలె. గుడ్డలను కూడా వేరుగా ఉతికి, దుమ్ము పడని చోట ఆరవేసి, డబ్బాలో మూసిపెట్టవలె. మేడమీద తీగపై గాలికి వదిలిన గుడ్డ మరునాటికి మళ్లీ గరుకు కాగితమే.

నీటి పొదుపు మాట కూడా చెప్పాలి. పారే నది ఒడ్డున వజూ చేసినా నీటిని వృథా చేయరాదని మన ఇళ్లలో పెద్దలు చిన్ననాటనే చెబుతారు. నిమిషానికి 10 లీటర్లు పారే గొట్టాన్ని అరగంట వదిలితే 300 లీటర్లు పోతాయి. బకెట్లతో, చెంబుతో జాగ్రత్తగా చేస్తే అందులో మూడవ వంతు లోపలే పని ముగుస్తుంది. కడిగిన నీరు మొక్కల మొదలుకు కాక, మురుగు కాలువలోకి పోయేటట్లు చూడడం మంచిది.

ఇప్పుడు మా మనసులోని అసలు విషయానికి వస్తాము. రహదారి పక్కన ఒక వాటర్ సర్వీసింగ్ కేంద్రంలో మేము పాఠం చెప్పే విద్యార్థి ఒకడు కార్లు కడుగుతాడు. కొంతకాలం క్రిందట మేము అటు వెళ్లినప్పుడు అతడు మమ్మల్ని చూసి, చేతిలోని గొట్టం వదిలి, లారీ వెనుకకు తప్పుకున్నాడు. మేము పిలువలేదు. మా కారును పక్కన నిలిపి, అతడు కడుగుతుండిన కారువైపు చూస్తూ నిలబడ్డాము. రెండు బకెట్లున్నవి. చక్రాల గుడ్డ వేరుగా, ఇటుకపై ఆరవేసి ఉన్నది. బకెట్టు అడుగున ఇసుక పైకి లేవకుండా చిల్లుల పళ్లెం బోర్లించి ఉన్నది. ఎవరు నేర్పారని అడుగుతూ అతని పేరు పెట్టి పిలిచాము. అతడు తల వంచుకొని వచ్చి, "ఎవరూ నేర్పలేదు సార్. ఒక నల్ల కారుకు గీతలు పడ్డయని ఓనరు తిట్టిండు. ఎట్ల పడ్డయో రాత్రంత ఆలోచించిన" అన్నాడు. కొంతసేపటికి, "క్లాసుల చెప్పకండి సార్" అని కూడా అన్నాడు.

మొదటి మాటకు మేము గర్వించాము. రెండవ మాట మమ్మల్ని చాలా దినాలు వెంటాడింది. జరిగిన హానిని చూసి, దాని కారణాన్ని ఊహించి, పద్ధతి మార్చి, ఫలితాన్ని పరీక్షించి చూశాడు. ప్రయోగశాలలో మనం నేర్పదలచినది ఇదే గదా! దానిని సొంతంగా సాధించిన విద్యార్థి దాచుకోవలసి వచ్చిందంటే, లోపం అతని పనిలో లేదు. చేతిపనిని చదువుకు శత్రువుగా, చదువును చేతిపని నుండి తప్పించుకొనే దారిగా బోధిస్తున్న మన ఇళ్లలో, మన తరగతులలో ఉన్నది.

కారు యజమానులకు కూడా ఒక మాట. టీ త్రాగేలోగా కారు సిద్ధం కావలెనంటాము. పది రూపాయలు తగ్గించమని బేరమాడతాము. నీళ్లు పోసి ఇసుక దింపే పది నిమిషాలకు డబ్బు ఇవ్వము. పొడిగుడ్డతో రుద్దే రెండు నిమిషాలకు ఇస్తాము. తొందర మనది, గీత కారుది, నింద పిల్లవానిది. నిదానంగా చేయమని చెప్పి, ఆ నిదానానికి తగిన కూలి ఇచ్చినప్పుడే గీతలను గూర్చి అడిగే హక్కు మనకుంటుంది.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటే. వార్షికోత్సవంలో వక్తృత్వానికి, వ్యాస రచనకు, కవితా పఠనానికి ఉర్దూలోను తెలుగులోను బహుమతులిస్తున్నారు; సంతోషం. వాటి సరసన చేతిపనికి కూడా ఒక బహుమతి ఏర్పరచవలసిందని కోరుతున్నాము. కుట్టుపని చేసే విద్యార్థిని, పంక్చరు వేసే విద్యార్థి, కార్లు కడిగే విద్యార్థి వేదికపైకి వచ్చి తమ పనిలోని పద్ధతిని పది నిమిషాలు వివరించి, చేసి చూపవలె. అధ్యాపకులు, కమిటీ సభ్యులు ముందు వరుసలో కూర్చుండి వినవలె. ఆ మొదటి సంవత్సరం ప్రదర్శనకు మా నీలిరంగు కారును, రెండు బకెట్లను మేమే తెస్తాము. పేరు చెప్పవద్దని కోరిన ఆ విద్యార్థి ఆనాడు తన పేరు తానే చెప్పుకొని ముందుకు వస్తాడని ఎదురుచూస్తున్నాము.